సిమోన్ సిన్యోరే: ఆ ముఖం ఎందుకలా మారింది, ఆస్కార్ తర్వాత ఏమైంది?

మీరు మూడు విషయాలు అడిగారు. 'లే దియాబోలిక్' చూసి, నల్ల కళ్ళద్దాల టీచరమ్మగా చేసిన ఫ్రెంచ్ నటి సిమోన్ సిన్యోరే నచ్చి, వెంటనే 'మదామ్ రోజా' పెట్టారు. అందులో ఉన్నది అదే మనిషంటే నమ్మలేకపోయారు. రెండు సినిమాలకూ మధ్య 22 ఏళ్ళే కదా, ఈమెకేమైంది అన్నది మొదటి ప్రశ్న. ఆస్కార్ వచ్చాక హాలీవుడ్‌లో ఎందుకు ఉండిపోలేదన్నది రెండోది. మార్లిన్ మన్రో వల్ల కాపురం దెబ్బతిని, ఆ దిగులుతోనే ముసలిదైపోయిందని ఒక వీడియోలో విన్నారట, అది నిజమా అన్నది మూడోది.

నేను చాలా ఏళ్ళుగా ఒక ఫిల్మ్ సొసైటీలో పాత ఫ్రెంచ్ సినిమాలు వేస్తూ, వాటి మీద క్లాసులు చెబుతున్నాను. సిన్యోరే సినిమా వేసినప్పుడల్లా షో అయ్యాక ఎవరో ఒకరు మీ మొదటి ప్రశ్నే అడుగుతారు. నేను చెప్పే జవాబు ఒకటే. ఆమెకు అందరికీ వచ్చినట్టే వయసు వచ్చింది, కాస్త ముందుగా వచ్చింది. దాన్ని కెమెరాకు కనపడకుండా చేయడానికి ఆమె ఒప్పుకోలేదు. అది తెలిసి చేసిన పని. తన జీవితంలో మిగతా విషయాల్లోనూ ఆమె అలాగే ఉంది: తాను ఏం చేసిందో, ఎక్కడ పొరబడిందో ఉన్నదున్నట్టు ఒప్పుకునే మనిషి. అందుకే కథ మొదటి నుంచీ చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

అసలు పేరు సిమోన్ కామింకెర్. 1921 మార్చి 25న జర్మనీలోని వీస్‌బాడెన్‌లో పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక రైన్ ప్రాంతంలో ఫ్రెంచ్ సైన్యం మకాం వేసి ఉన్న రోజులవి. తండ్రి ఆంద్రే కామింకెర్ ఆ సైన్యంలో పనిచేసేవాడు. పోలండ్ నుంచి వచ్చిన యూదు కుటుంబం ఆయనది. తల్లి జార్జెట్ సిన్యోరే క్యాథలిక్. తర్వాత కుటుంబం పారిస్‌ను ఆనుకుని ఉన్న నొయ్యీకి చేరింది. సిమోన్ పెద్దది, ఆమె తర్వాత ఇద్దరు తమ్ముళ్ళు. తండ్రి అనువాదంలో అసాధ్యుడు. మాట్లాడుతున్న మనిషి ఆగకుండానే పక్క నుంచి వేరే భాషలో చెప్పుకుపోయే విద్యకు ఆద్యుల్లో ఒకడాయన. 1934లో న్యూరెంబర్గ్‌లో హిట్లర్ ఇచ్చిన ఉపన్యాసాన్ని ఫ్రెంచ్ రేడియో కోసం అప్పటికప్పుడు అనువదించింది ఆయనే. ఒక యూదు తండ్రి హిట్లర్ మాటలను తన గొంతుతో దేశానికి వినిపించాల్సి వచ్చిందంటే ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

1940లో జర్మన్లు పారిస్‌లోకి వచ్చారు. తండ్రి లండన్ వెళ్ళి, జర్మన్లకు లొంగకుండా అక్కడి నుంచి పోరాటం నడుపుతున్న జనరల్ ద గోల్ పక్షంలో చేరాడు. ఇంట్లో తల్లి, చిన్న తమ్ముళ్ళు, చేతిలో డబ్బు లేదు. సిమోన్‌కు 19 ఏళ్ళు. పిల్లలకు ఇంగ్లిషు, లాటిన్ ట్యూషన్లు చెప్పింది. ఆ తర్వాత దొరికిన ఉద్యోగం ఆమె జీవితంలో అన్నిటికన్నా ఇరకాటమైన అధ్యాయం. స్కూల్లో తెలిసిన అమ్మాయి, అప్పటికే సినిమా తార అయిన కొరీన్ లుషేర్ తండ్రి జాన్ లుషేర్ 'లె నువో తాన్' అనే పత్రిక మొదలుపెట్టాడు. జర్మన్లకు కొమ్ముకాసిన పత్రిక అది. అందులో సిమోన్ సెక్రటరీగా చేరింది. సగం యూదు రక్తమున్న అమ్మాయి, ద గోల్ పక్షం వాడి కూతురు, ఆ ఆఫీసులో టైపు కొట్టి జీతం తెచ్చి ఇల్లు నడిపింది. యుద్ధం అయ్యాక, 1946లో, దేశద్రోహ నేరం మీద లుషేర్‌ను కాల్చి చంపారు.

ఈ సంగతి ఎవరో తవ్వి తీస్తే బయటపడలేదు. ఆమే తన ఆత్మకథలో రాసింది. యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌లో ఎవరిని కదిలించినా తాము జర్మన్ల మీద ప్రతిఘటన పోరాటంలో ఉన్నామనే చెప్పుకున్నారు. ఈమెకు అలా చెప్పుకోవడం ఇంకా తేలిక, తండ్రి లండన్‌లో ఉన్నాడు కాబట్టి. చెప్పుకోలేదు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, 'ఆర్మీ ఆఫ్ షాడోస్' అనే సినిమా దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఆ ఉద్యోగం వదిలేసి ఆమె సాన్ జెర్మాన్ దె ప్రే పేటలోని కఫే ద ఫ్లోర్ చుట్టూ చేరిన రచయితలు, నటులు, పెయింటర్ల గుంపులోకి వెళ్ళింది. తన అసలు జీవితం మొదలైంది అక్కడేనని ఆమె భావన. 1942 నుంచి సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టుగా చిన్నాచితకా వేషాలు. మార్సెల్ కార్నే తీసిన 'లే విజితర్ దు స్వార్'లో గుంపులో కనిపిస్తుంది. తండ్రి యూదుడు కావడంతో నటించడానికి కావలసిన పర్మిట్ కార్డు ఆమెకు రాదు. దొంగచాటుగా చేయాల్సిందే. కామింకెర్ అన్న పేరు తీసేసి, తల్లి ఇంటిపేరు సిన్యోరే పెట్టుకుంది.

యుద్ధం ముగిసేనాటికి దర్శకుడు ఈవ్ అలెగ్రేతో కలిసి ఉంటోంది. 1946లో కూతురు కాత్రీన్ పుట్టింది. 1948లో పెళ్ళి. ఆ ఏడాదే అతని దర్శకత్వంలో వచ్చిన 'దెదే దాన్వేర్' ఆమెను తారను చేసింది. రేవు పట్నం బార్‌లో వేశ్య పాత్ర. అంతకు ముందు 'మకదామ్'లోనూ, తర్వాత 1950లో మాక్స్ ఓఫ్యూల్స్ తీసిన 'లా రోంద్'లోనూ దాదాపు అలాంటివే. చాలామంది విమర్శకులు ఈ దశను గబగబా దాటేస్తారు గానీ నాకు ఇందులో ఒకటి ముఖ్యంగా అనిపిస్తుంది. ఆ పాత్రలు ప్రేక్షకుడి జాలి కోసం చెయ్యి చాపవు, అతన్ని కవ్వించే ప్రయత్నమూ చేయవు. ఎదుటివాణ్ణి తూచినట్టు చూస్తాయి. ఆ చూపు ఆమెకు చివరిదాకా మిగిలింది. నడుము పోయింది, చర్మం పోయింది, చూపు మాత్రం పోలేదు.

1949 ఆగస్టులో దక్షిణ ఫ్రాన్స్‌లోని సాన్ పోల్ ద వాన్స్ అనే కొండ ఊళ్ళో, లా కొలోంబ్ దోర్ అనే హోటల్లో, పాటగాడు ఈవ్ మోంతాన్‌ను కలిసింది. కొద్ది రోజుల్లోనే భర్తను విడిచి వచ్చేయాలని తేల్చుకుంది. 1951 డిసెంబరులో అదే ఊళ్ళో వాళ్ళ పెళ్ళి జరిగింది. మోంతాన్ ఇటలీ నుంచి వలస వచ్చిన పేద కుటుంబం వాడు, మార్సెయ్‌లో పెరిగాడు, తండ్రి కమ్యూనిస్టు. పారిస్‌లో సేన్ నది మధ్య దీవి మీద ప్లాస్ దొఫీన్ అనే చిన్న చౌకులో వాళ్ళ ఇల్లు. ఆ తర్వాత నార్మండీలోని ఓతొయ్ అనే పల్లెలో పెద్ద ఇల్లు కొన్నారు. స్నేహితులు, రచయితలు, సగం రాసిన సినిమా స్క్రిప్టులు, తెల్లవార్లూ వాదనలు. ఆ రెండిళ్ళూ అలాగే ఉండేవి.

1952లో జాక్ బెకెర్ తీసిన 'కాస్క్ దోర్' వచ్చింది. ఆమె సినిమాల్లో ఒక్కటే చూడగలను అంటే నేను ఇదే చూడమంటాను. 1900 నాటి పారిస్ రౌడీ ముఠాలు, వాళ్ళ మధ్య మరీ అనే బంగారు జుట్టు అమ్మాయి, మాందా అనే వడ్రంగి. సినిమా నది మీద పడవలతో మొదలవుతుంది. ఒక పడవ తెడ్లు వేస్తున్నది ఆమే. డాన్స్ జరిగే చోట ఇంకొకడి చేతుల్లో తిరుగుతూ, ప్రతి చుట్టులోనూ మాందా వైపే చూస్తుంది. ఒక్క డైలాగు ఉండదు. బెకెర్ ఆ తిరుగుడును అలా సాగనిస్తాడు. ఇద్దరి మధ్య ఏం మొదలైందో మనకు పూర్తిగా తెలిసిపోతుంది. చివర్లో ఆమె ఒక కిటికీ నుంచి చూసే సన్నివేశం ఉంది. ఏం చూస్తుందో చెప్పను. ఏడుపు లేదు, కేక లేదు. తల మాత్రం వాలుతుంది. నేను క్లాసుల్లో ఆ షాట్‌ను ఆపి మళ్ళీ మళ్ళీ చూపిస్తాను, ఎంత తక్కువ చేసి ఎంత రాబట్టిందో అర్థం కావడానికి.

ఈ సినిమా ఫ్రాన్స్‌లో మొదట ఆడలేదు. లండన్‌లో ఆదరణ వచ్చింది, బ్రిటిష్ అకాడమీ ఆమెకు ఉత్తమ విదేశీ నటి అవార్డు ఇచ్చింది. అమెరికాలో యూనిస్ వేమన్ అనే నల్లజాతి యువ పియానిస్టు బార్లలో పాడటానికి మారుపేరు వెతుక్కుంటూ, సిన్యోరే పేరులోంచే సిమోన్ తీసుకుంది. నీనా సిమోన్ అని మనం వినేది ఆమెనే.

తర్వాత 'తెరేజ్ రకాన్' (1953), ఆపైన మీరు చూసిన 'లే దియాబోలిక్' (1955). దాన్ని గురించి ఎక్కువ చెప్పను, ఇది చదివేవాళ్ళలో చూడనివాళ్ళు ఉండొచ్చు. ముగింపు ఎవరికీ చెప్పవద్దని సినిమాయే చివర్లో వేడుకుంటుంది. ఒక్కటి గమనించండి. అందులో భయపడే పని తోటి నటి వేరా క్లూజో చేస్తుంది, మన కళ్ళు ఆమెతో పాటు వణుకుతాయి. సిన్యోరే చేసే పని దానికన్నా కష్టం. రెండోసారి చూసినప్పుడు కూడా ఎక్కడా తప్పు పట్టలేని విధంగా నటించాలి. మీరు ఇంకోసారి చూడండి, ఆమె ఒక్క చూపు కూడా మోసం చేయదు.

ఆ రోజుల్లోనే సిన్యోరే, మోంతాన్ జంటగా ఆర్థర్ మిల్లర్ నాటకం 'ది క్రూసిబుల్'ను ఫ్రెంచిలో వేశారు. 1954 చివర్లో పారిస్‌లోని సారా బెర్నార్ థియేటర్‌లో మొదలైంది. 17వ శతాబ్దపు అమెరికాలో మంత్రగత్తెలంటూ అమాయకులను ఉరితీసిన కథ. అమెరికాలో కమ్యూనిస్టుల వేట నడుస్తున్న కాలం అది. సోవియట్‌లకు అణు రహస్యాలు చేరవేశారన్న నేరం మీద రోజెన్‌బర్గ్ దంపతులను 1953లో ఎలక్ట్రిక్ చెయిర్‌లో చంపేశారు. పారిస్ ప్రేక్షకులకు ఆ నాటకం ఎవరి గురించో వేరే చెప్పనక్కర లేకపోయింది. 1957లో సినిమాగా కూడా వచ్చింది, స్క్రీన్‌ప్లే తత్వవేత్త సార్త్ర్ రాశాడు.

రాజకీయాల మాట వచ్చింది కనుక ఇక్కడే ఆ ముచ్చట పూర్తి చేస్తాను. మీ రెండో ప్రశ్నకు జవాబు సగం ఇందులోనే ఉంది. 1950లో అణుబాంబును నిషేధించాలన్న స్టాక్‌హోమ్ విజ్ఞప్తి మీద ఇద్దరూ సంతకం చేశారు. పార్టీ సభ్యత్వం ఎప్పుడూ తీసుకోలేదు గానీ కమ్యూనిస్టులకు దగ్గరగా ఉన్నారు. దాంతో అమెరికా వీసా తలుపు మూసుకుపోయింది. 1956 నవంబరులో తిరుగుబాటును అణచడానికి సోవియట్ ట్యాంకులు హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోకి వెళ్ళాయి. మోంతాన్ సోవియట్ యూనియన్‌లో పాడటానికి అంతకుముందే ఒప్పుకుని ఉన్నాడు. వెళ్ళొద్దని మిత్రులు, వెళ్తే ఊరుకోబోమని ప్రత్యర్థులు. టెన్షన్ అంతా ఇంతా కాదు. చివరికి డిసెంబరులో వెళ్ళారు. మాస్కోలో క్రుశ్చేవ్, మొలొతోవ్, మికొయాన్ లాంటి సోవియట్ నాయకులతో ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చుని, హంగరీ మీద మొహమాటం లేకుండా అడిగారు. జవాబులు తృప్తినివ్వలేదు. అయినా వెళ్ళినందుకు పడాల్సిన మాటలు రెండు వైపుల నుంచీ పడ్డాయి.

1960లో, ఫ్రాన్స్ నుంచి విడిపోవడానికి పోరాడుతున్న అల్జీరియా మీది యుద్ధంలో ఆయుధం పట్టనని చెప్పే హక్కు యువకులకు ఉందంటూ 121 మంది మేధావులు ఒక ప్రకటన విడుదల చేశారు. దానికి సిన్యోరే కూడా సంతకం పెట్టింది. ప్రభుత్వ రేడియో, టీవీ ఆ సంతకందారులకు తలుపులు మూసేశాయి. అప్పటికి ఆమె ఆస్కార్ అందుకుని ఆరు నెలలు కూడా కాలేదు! కెరీర్ గురించి లెక్కలు వేసుకునేవాళ్ళు ఆ సమయంలో ఆ పని చేయరు.

ఇప్పుడు ఆస్కార్ సంగతి. జాన్ బ్రేన్ నవల ఆధారంగా జాక్ క్లేటన్ తీసిన బ్రిటిష్ సినిమా 'రూమ్ ఎట్ ది టాప్' 1959 మొదట్లో విడుదలైంది. యార్క్‌షైర్‌లోని ఒక మిల్లుల ఊరు. జో లాంప్టన్ అనే పేద కుర్రాడు ఎలాగైనా పైకి రావాలనుకుంటాడు. పెళ్ళయినా సుఖం లేని, తనకన్నా పెద్దదైన ఆలిస్‌ను ప్రేమిస్తాడు. ధనవంతుడి కూతురిని పెళ్ళాడటం కోసం ఆమెను వదిలేస్తాడు. నవలలో ఆలిస్ ఇంగ్లిష్ స్త్రీ. సిన్యోరే కోసం ఆ పాత్రను ఫ్రెంచ్ ఆవిడగా మార్చారు. షూటింగ్ నాటికి ఆమెకు 37. నలభైకి దగ్గరైన హీరోయిన్‌కు ఎక్కడైనా ఇచ్చేవి రెండే రకాల వేషాలు: అమ్మ, లేదా మంచి మనసున్న అక్క. ఆమె మాత్రం కళ్ళ కింద ముడతలతో, అలసిన ముఖంతో, ప్రేమించే స్త్రీగా తెర మీదికి వచ్చింది. ఆ ముఖంలో కోరిక ఉంది, తెలివి ఉంది, ఇదే ఆఖరి అవకాశమన్న ఎరుక ఉంది. బ్రిటిష్ సినిమాలో అప్పటిదాకా శృంగారాన్ని అంత పరిణతితో ఎవరూ చూపలేదు. అక్కడి సెన్సారు పెద్దలకు మాత్రమే అని సర్టిఫికెట్ ఇచ్చింది.

ఆ పాత్రకు కాన్ ఉత్సవంలో ఉత్తమ నటి, బ్రిటిష్ అకాడమీ అవార్డు, 1960 ఏప్రిల్ 4న ఆస్కార్. ఆ ఏడు పోటీలో ఉన్నది ఆడ్రీ హెప్‌బర్న్, కాథరీన్ హెప్‌బర్న్, ఎలిజబెత్ టేలర్, డోరిస్ డే. వీళ్ళందరినీ దాటి, ఒక చిన్న బ్రిటిష్ సినిమాలో నటించిన ఫ్రెంచ్ నటికి, అందులోనూ కొన్నాళ్ళ కింద వీసా కూడా దొరకని మనిషికి, ఓటు వేశారు.

ఇక మన్రో. మోంతాన్ 1959 శరదృతువులో న్యూయార్క్‌లో పాటల ప్రదర్శన ఇవ్వడానికి ప్రత్యేక అనుమతితో అమెరికా వెళ్ళాడు, ఆమె కూడా వెళ్ళింది. ఆ ప్రదర్శన విజయంతో 1960లో హాలీవుడ్‌లో 'లెట్స్ మేక్ లవ్' వచ్చింది, హీరోయిన్ మార్లిన్ మన్రో. బెవర్లీ హిల్స్ హోటల్లో పక్కపక్క బంగళాల్లో ఒక దాంట్లో మన్రో, ఆమె అప్పటి భర్త, 'ది క్రూసిబుల్' రాసిన మిల్లర్, ఇంకో దాంట్లో మోంతాన్, సిన్యోరే. నాలుగు నెలలు ఇరుగుపొరుగు. పూర్వం హాలీవుడ్ తార జీన్ హార్లో జుట్టుకు రంగు వేసిన ఒక పెద్దావిడ వారానికోసారి వచ్చి, వంటగదిలో కూర్చోబెట్టి ఈ ఇద్దరికీ రంగు వేసేదట. సిన్యోరే తన పుస్తకంలో ఆ శనివారాల గురించి ఎంత ఆప్యాయంగా రాసిందో చదివితే తెలుస్తుంది. ఆస్కార్ తర్వాత ఆమె ఇటలీలో సినిమా చేయడానికి వెళ్ళిపోయింది. మిల్లర్ కూడా ఊళ్ళో లేడు. మోంతాన్, మన్రోల మధ్య సంబంధం ఏర్పడింది. పత్రికలు నెలల తరబడి దాన్నే నమిలాయి.

బాధపడలేదని నేననను. చాలా బాధపడింది, అవమానంగా అనిపించింది, దగ్గరివాళ్ళు ఆ మాటే చెప్పారు. కానీ మీరు విన్న వీడియో చెప్పిన కథలో తేదీలే కుదరవు. 'రూమ్ ఎట్ ది టాప్' షూటింగ్ 1958లో జరిగింది. వయసు మీద పడుతున్న స్త్రీగా తనను తాను తెర మీద చూపించుకోవడం ఆమె మన్రో పరిచయానికి ముందే మొదలుపెట్టింది. పైగా సిగరెట్లు, మందు, నిద్రలేని రాత్రులు, ఇవేవీ ఆమె దాచిన విషయాలు కావు. మోంతాన్‌తో ఆమె చివరిదాకా ఉంది. మన్రో గురించి ఎన్నడూ చెడుగా మాట్లాడలేదు. తనకు ఆమె మీద ద్వేషం లేదన్న సంగతి మార్లిన్‌కు తెలియకుండానే పోయిందని బాధపడుతూ రాసింది. ఇంత మంచి నటి జీవితాన్ని ఇంకో నటి పేరుతో కొలవడం నాకు మహా కష్టంగా ఉంటుంది. ఆమె పేరు వెతికితే ముందుగా వచ్చేది ఆ గాసిప్పే.

హాలీవుడ్‌లో ఎందుకు ఉండలేదంటే, పూర్తిగా మానేసిందని కూడా కాదు. 1965లో స్టాన్లీ క్రేమర్ 'షిప్ ఆఫ్ ఫూల్స్'లో మత్తుమందుకు అలవాటు పడిన స్పానిష్ దొరసానిగా చేసింది, రెండోసారి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఆస్కర్ వెర్నర్‌తో ఆమె సన్నివేశాలు ఆ సినిమాకు గుండెకాయ. సిడ్నీ లూమెట్‌తో రెండు సినిమాలు చేసింది. లండన్‌లో 1966లో రాయల్ కోర్ట్ థియేటర్‌లో అలెక్ గిన్నెస్ పక్కన లేడీ మక్‌బెత్ కూడా వేసింది. విమర్శకులు చీల్చి చెండాడారు. షేక్స్‌పియర్ పద్యానికి ఆమె ఇంగ్లిష్ యాస పొసగలేదు. అయితే ఆమె బతుకంతా పారిస్‌లో ఉంది: మనుషులు, భాష, గొడవలు. స్టూడియో కాంట్రాక్టుకు కట్టుబడి, ముఖానికి మెరుగులు దిద్దించుకుని, సంతకాలు మానుకుని ఉండగల మనిషి కాదు. నాకు తెలిసినంతలో అది త్యాగమని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

అసలు గొప్ప దశ ఆ తర్వాతే వచ్చింది. 1969లో జాన్ పియేర్ మెల్విల్ 'ఆర్మీ ఆఫ్ షాడోస్' తీశాడు. జోసెఫ్ కెస్సెల్ నవల ఆధారం. ఆక్రమణ కాలపు ప్రతిఘటన దళం కథ, అందులో మతిల్ద్ అనే గృహిణి పాత్ర ఆమెది. ఇంట్లోవాళ్ళకు తెలియకుండా దళాన్ని నడిపిస్తుంది. జర్మన్ నర్సు వేషంలో అంబులెన్సులో గెస్టాపో (నాజీ రహస్య పోలీసుల) జైల్లోకి వెళ్ళే సన్నివేశంలో ఆమె ముఖం చూడండి, ఒక్క నరం కదలదు. మతిల్ద్ చేసే తప్పు ఒకటే: కూతురి ఫొటో పర్సులో పెట్టుకు తిరగడం. దాని ఫలితం ఏమిటో సినిమాలో చూడండి. సరిగ్గా ఆ ఏళ్ళలో పారిస్‌లో తాను ఏ ఆఫీసులో టైపు కొడుతోందో ఆమెకు గుర్తుంది. అందుకేనేమో ఆ పాత్రలో ఎక్కడా వీరత్వం ఒలకబోయలేదు. ఒక పని ఉంది, చేయాలి, అంతే అన్నట్టు చేస్తుంది. అప్పటికి దేశాధ్యక్షుడు కూడా అయిన ద గోల్ పేరెత్తితే, 1968 ఉద్యమాల తర్వాత, మండిపడే రోజులు కావడంతో ఫ్రాన్స్‌లో చాలామంది విమర్శకులు ఈ సినిమాను ఆయన భజనగా చూసి తోసిపుచ్చారు. అమెరికా థియేటర్లలోకి 2006లో గానీ రాలేదు. వచ్చాక న్యూయార్క్ విమర్శకులు ఆ ఏడాది ఉత్తమ విదేశీ చిత్రంగా ఎంచుకున్నారు.

1970లో కోస్తా గావ్రాస్ 'ది కన్ఫెషన్'. 1952లో చెకోస్లొవేకియాలో కమ్యూనిస్టు ప్రభుత్వం తన సొంత నాయకుల మీదే బూటకపు విచారణ నడిపింది. అందులో ఇరుక్కుని బతికి బయటపడిన ఆర్తూర్ లండన్ కథ ఇది. మోంతాన్ ఆయన పాత్ర వేశాడు. సిన్యోరే ఆయన భార్య లీజ్‌గా చేసింది. పార్టీ చెప్పింది కాబట్టి భర్త ద్రోహే అని నమ్మి, అందరి ముందూ అతన్ని కాదనే స్త్రీ. ఒకప్పుడు అదే శిబిరానికి చేరువగా నిలబడి, బుడాపెస్ట్ తర్వాత మాస్కోకు వెళ్ళి వచ్చిన మనిషి ఈ పాత్ర ఒప్పుకుంది. ఆమె లీజ్‌ను మూర్ఖురాలిగా చూపలేదు. నమ్మకం ఎంత నిజాయితీగా ఉండగలదో, అదే ఎంత భయంకరమైన పని చేయించగలదో రెండూ ఒకే ముఖంలో కనిపిస్తాయి. తెర బయట ఆ దారిలోనే నడిచింది. 1982లో సైనిక పాలనలో ఉన్న పోలండ్‌కు మందులు తీసుకెళ్ళిన బృందంలో తత్వవేత్త మిషెల్ ఫూకోతో పాటు ఆమె ఉంది.

1971లో 'ల షా'. రచయిత సిమెనోన్ నవల ఆధారం. పారిస్ శివారులో చుట్టూ ఇళ్ళన్నీ కూలగొడుతుండగా, మిగిలిన ఒక్క పాత ఇంట్లో ముసలి మొగుడూ పెళ్ళాం. మాటలు లేవు, చీటీలు రాసుకుంటారు. భర్త ప్రేమంతా పిల్లి మీద. ఆమె ఒకప్పటి సర్కస్ కళాకారిణి, కాలు కుంటి. భర్తగా చేసిన జాన్ గాబాన్‌కు 66 ఏళ్ళు, ఆమెకు 50 కూడా నిండలేదు. ఎక్కడైనా ఆ తేడా కనిపిస్తుందేమో చూడండి! బెర్లిన్ ఉత్సవంలో ఇద్దరికీ ఉత్తమ నటన అవార్డులు వచ్చాయి. అదే ఏడాది అలెన్ దెలోన్‌తో 'లా వవ్ కుదేర్క్' కూడా చేసింది, అదీ మంచి సినిమా.

చివరగా మీరు చూసిన 'మదామ్ రోజా', 1977. ఆష్విట్జ్ నుంచి బతికి వచ్చిన యూదు స్త్రీ, ఒకప్పటి వేశ్య, ఇప్పుడు బెల్‌విల్ పేటలో ఆరో అంతస్తులో వేశ్యల పిల్లలను పెంచుతూ, మెట్లెక్కలేక ఆయాసపడుతూ, మోమో అనే అరబ్ పిల్లాడి చేతుల్లో ఒరిగిపోయే ముసలామె. సిన్యోరేకు అప్పటికి 56. మీరు చూసి ఉలిక్కిపడిన ఆ రూపంలో కొంత మేకప్, కొంత ఒంటికి కట్టిన మెత్తలు. మిగతాది ఆమెది. ఇంకొక నటి అయితే ఆ పాత్రలో ఏడిపించడానికి చూస్తుంది. ఈమె రోజాను కోపిష్టిగా, గయ్యాళిగా, లిప్‌స్టిక్ మీద మోజు తగ్గని మనిషిగా చేసింది. అందుకే ఆ భయాలు మనకు తగులుతాయి. సినిమాకు ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్, ఆమెకు ఫ్రెంచ్ సినిమా అవార్డు సెజార్ వచ్చాయి. తొలిరోజుల వేశ్య పాత్రలకు, ఈ ముసలి రోజాకు మధ్య మూడు దశాబ్దాలు. దెదే వయసైతే ఇలాగే ఉంటుందేమో అనిపిస్తుంది నాకు.

ఆఖరి పదేళ్ళలో రచయిత్రి కూడా అయింది. 1976లో వచ్చిన ఆత్మకథ విపరీతంగా అమ్ముడుపోయింది. 1985లో 'అద్యూ వొలోద్యా' అనే నవల రాసింది. తూర్పు యూరప్ నుంచి పారిస్ వచ్చి బట్టలు కుట్టుకుని, తోలు పనులు చేసుకుని బతికిన యూదు కుటుంబాల కథ. తండ్రి వైపు వంశం గురించి తాను అంతకుముందు అంతగా పట్టించుకోనిదంతా అందులో పెట్టింది. అప్పటికే కంటిచూపు చాలావరకు పోయింది. 1985 సెప్టెంబరు 30న ఓతొయ్ ఇంట్లో క్లోమ క్యాన్సర్‌తో చనిపోయింది, 64 ఏళ్ళు. పారిస్‌లోని పేర్ లషేజ్ శ్మశానంలో ఆమె సమాధిలోనే 1991లో మోంతాన్‌ను కూడా ఖననం చేశారు.

ఏ క్రమంలో చూడాలంటారా: ముందు 'కాస్క్ దోర్', తర్వాత 'రూమ్ ఎట్ ది టాప్', ఆపైన 'ఆర్మీ ఆఫ్ షాడోస్', 'ల షా'. అప్పుడు 'మదామ్ రోజా' మళ్ళీ పెట్టండి, మొదటిసారి చూసినప్పటి షాక్ ఉండదు. ఒకటే షరతు, డబ్బింగ్ వెర్షన్లు వద్దు. ఆమె నటనలో సగం గొంతులో ఉంది, ఏళ్ళు గడిచేకొద్దీ అది బొంగురు పోతూ బరువెక్కింది. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. 'ఆర్మీ ఆఫ్ షాడోస్' దాదాపు మొత్తం చీకట్లో, మసక నీలి వెలుగులో నడుస్తుంది, ఫోన్‌లో ఏమీ కనపడదు, టీవీలో లైట్లు ఆర్పేసి చూడండి. వీలైతే ఆమె ఆత్మకథ ఇంగ్లిష్ అనువాదం కూడా సంపాదించండి. అందులో లుషేర్ ఆఫీసు గురించి రాసిన పేజీలు ముందు చదివి, ఆ తర్వాతే మతిల్ద్‌ను చూడండి.